మూడో పాదం దగ్గర

వెస్టర్‌నెస్ రేవు,
జనవరి, గురువారం

వెండెలా గారికి,

మీ ఉత్తరం అందింది. మా ఆయన బాల్తుస్ పైకి చదివి వినిపించాడు, ఆ తర్వాత నేనే కూడబలుక్కుని మళ్ళీ చదువుకున్నాను. నాకు రాత అంతగా అలవాటు లేదు. చిన్నప్పుడే బడి మానేసి చేపల షెడ్డులో కత్తి పట్టినదాన్ని. తప్పులుంటే సర్దుకోండి.

మా హెస్సెల్ మే నెలలో మా ఊరి చర్చిలో పెట్టాలనుకున్న కచేరీని వాడు లేకపోయినా పెడతామని రాశారు. ఇన్నాళ్ళూ వాడి పక్కన నిలబడి పాడిన మీరే ఇప్పుడు వాడి చోట నిలబడి మీ బృందాన్ని నడిపిస్తానన్నారు. నా అనుమతి అడిగారు. మీ ఉత్తరం వచ్చిన మర్నాడే సంఘపెద్ద రీకెల్ట్ కూడా మా ఇంటికి వచ్చాడు. టోపీ మోకాలి మీద పెట్టుకుని కాఫీ తాగాడు.

"యాకోబా, ఆ ఉట్రెక్ట్ వాళ్ళ పాట మనవాళ్ళకి పడదు. అయితే కొడుకుని పోగొట్టుకున్నదానివి. నువ్వు కావాలంటే మేం కాదనలేం. వద్దంటే మాత్రం మా నెత్తి మీద బరువు దిగుతుంది" అన్నాడు.

కావాలన్నాను. పాపం, బరువు దిగకుండానే వెళ్ళిపోయాడు.

నాది ఒకే ఒక్క షరతు. మిగతా పాటల సంగతి నాకు తెలియదు, మీ ఇష్టం. పడవల కీర్తన మాత్రం హెస్సెల్ పాడించిన పద్ధతిలోనే పాడాలి.

మా ఊళ్ళో పడవలు బయల్దేరే ముందు ఆదివారం ఆ కీర్తన పాడతాం. ఒక్కో అక్షరాన్నీ ఒకే పొడవున, ఊపిరి ఉన్నంతసేపూ లాగి పాడతాం. మా అమ్మ అలాగే పాడింది, ఆవిడ అమ్మా అలాగే పాడింది. ఇంతకంటే పాత పద్ధతి లోకంలో ఉండదనుకునేవాళ్ళం. హెస్సెల్ పెద్ద చదువులకి వెళ్ళి, పాత ప్రతులన్నీ తిరగేసి వచ్చి, వంటింట్లో బల్ల మీద చెంచాతో కొట్టి చూపించాడు. కొన్ని అక్షరాలు పొట్టి, కొన్ని పొడవు, అచ్చం మనిషి నడిచినట్టు.

"ఇదమ్మా అసలు నడక. వెనకటికి ఆర్గన్ లేని రోజుల్లో జనం ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగీ ఆగీ, ఇలా ఈడ్చుకుంటూ వచ్చేశారు."

"నాలుగొందల ఏళ్ళ కింద నువ్వక్కడున్నావేంట్రా, చెవొగ్గి?" అన్నాడు బాల్తుస్.

"నువ్వూ లేవుగా నాన్నా!"

"నేను లేనురా. మా తాత ఉన్నాడు."

ఆ రోజు ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. నవంబరులో వాడి శవపెట్టె ముందు మాత్రం సంఘమంతా ఆ కీర్తనని మా పద్ధతిలోనే లాగి పాడింది. ఎవరికీ వేరే తోచలేదు. పెట్టెలో ఉన్నవాడు లేచి "అలా కాదమ్మా" అనలేడు కదా. ఆ రోజు నుంచి నా నోట పాట రావడం లేదు. ప్రతి ఆదివారం పుస్తకం తెరిచి అందరితో పాటు నిలబడతాను. మాటలు కళ్ళతోనే చదువుకుంటాను. రాత్రుళ్ళు లోపల ఏదో తొలుస్తూ ఉంటుంది. ఒక్కసారి మా జనం అందరి ముందూ వాడి పద్ధతిలో, వెంట్రుకవాసి తేడా లేకుండా ఆ కీర్తన వింటే ఈ తొలుపు ఆగుతుందేమోనని ఆశ.

అందుకే అడుగుతున్నాను. మీరు మాట ఇవ్వాలి.

యాకోబా


ఉట్రెక్ట్,
ఫిబ్రవరి 4

యాకోబా గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది, రెండుసార్లు చదివాను. మాట ఇస్తున్నాను. పడవల కీర్తనని హెస్సెల్ నిర్ణయించిన నడకలోనే పాడతాం.

ఆయనంత కచ్చితమైన మనిషిని నేను చూడలేదు. పాత సంగీతం పాడేవాళ్ళలో చాలామంది ప్రతుల్లో సగం చూసి, మిగతా సగం తమకి నచ్చినట్టు పూరించేసుకుంటారు. ఆయన దగ్గర ఆ ఆటలు సాగేవి కావు. మాలో ఎవరైనా గొంతు వణికిస్తే అభ్యాసం ఆపి, "ఏం, చలేస్తోందా?" అనేవాడు. తన మఫ్లరు తీసి ఇచ్చేవాడు కూడా. ఆ మఫ్లరు మా పన్నెండు మంది మెడల్లోనూ పడింది, నా మెడలో అందరికంటే ఎక్కువసార్లు.

మీరు నిశ్చింతగా ఉండండి.

భవదీయ,
వెండెలా


వెస్టర్‌నెస్ రేవు,
ఫిబ్రవరి నెలాఖరు

వెండెలా గారికి,

మఫ్లరు మాట చదివి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. అది నేను అల్లిందే. ముదురు నీలం రంగుది, ఒక కొస కాస్త వంకరగా ఉంటుంది.

ఇక్కడ కచేరీ మాట ఊరంతా పాకింది. రొట్టెల కొట్లో రీకెల్ట్ పెళ్ళాం అందరూ వినేలా అంది, "యాకోబా కీర్తనని గెంతిస్తుందట కదమ్మా, చర్చిలోనే!" నేనూ ఊరుకోలేదు. "పాట గెంతదు వదినా, నీ కాళ్ళు గెంతితే మాత్రం పట్టుకోవడానికి రీకెల్ట్ ఉన్నాడుగా" అన్నాను. కొట్టు మొత్తం గొల్లుమంది. మంచి మనిషే, మనసులో పెట్టుకోదు. మర్నాడు పొగబెట్టిన మలుగు చేప పంపింది.

వాడి నడక నేర్చుకోవాలని నేనూ తంటాలు పడుతున్నాను. గిన్నెలు తోముతూ కీర్తన పాదాలు లెక్కపెట్టుకుంటున్నాను, పాట రాదు గనక ఉత్త మాటలే. పొట్టి అక్షరం దగ్గరికి రాగానే నాలుక తడబడుతుంది. ఇన్నేళ్ళూ లాగి లాగి పాడిన నాలుక కదా, బరువు అలవాటైపోయింది. బాల్తుస్ గుమ్మంలో నిలబడి, "పరిగెత్తకే, పడతావ్" అంటాడు.

ఒక సాయం చెయ్యండి. వాడు నడిపించిన పడవల కీర్తన రికార్డు ఏదైనా ఉంటే పంపండి. వింటే వస్తుందేమో. వాడి చెయ్యి ఎలా కదిలేదో ఎలాగూ చూడలేను, కనీసం పాటన్నా వింటాను.

మా ఊళ్ళో పెద్దావిడని పేరు పెట్టి 'గారు' అనరు, పిన్నీ అంటారు. మీ ఇష్టం.

యాకోబా


ఉట్రెక్ట్,
మార్చి 6

పిన్నీ,

మేం గత ఏడాది విడుదల చేసిన డిస్కు పంపుతున్నాను. అందులో హెస్సెల్ నడిపించిన కీర్తనలు తొమ్మిది ఉన్నాయి. పడవల కీర్తన అందులో లేదు. అభ్యాసాల్లో రికార్డు చేసినవి ఉన్నాయిగానీ శబ్దం సరిగ్గా రాలేదు, పంపేంత బాగుండవు. ఏమీ అనుకోకండి.

ఇక్కడ అంతా సవ్యంగా సాగుతోంది.

వెండెలా


వెస్టర్‌నెస్ రేవు,
మార్చి, ఆదివారం

వెండెలా,

నువ్వు అంటున్నాను, ఏమనుకున్నా సరే.

శబ్దం బాగాలేదని రాశావు. నీ మొదటి ఉత్తరం రెండు నిండు పేజీలు. ఇది అరచెయ్యంత కూడా లేదు. నేను చదువుకోలేదుగానీ, చేప మొప్ప ఎత్తి చూస్తే తాజాదో కాదో చెప్పగలను. నీ ఉత్తరానికి మొప్ప తెల్లబడింది.

ఏం దాస్తున్నావు? వాడి తలలో నరం చిట్లిందని డాక్టరు చెప్పాడు. ముందే సూచనలు ఉండి ఉంటాయేమో అని కూడా నసిగాడు. మాట తడబడడం, ఉన్నట్టుండి ఆగిపోవడం, అలాంటివి. అవేమన్నా మీరు చూశారా? ఆ రికార్డుల్లో అవి ఉన్నాయా? అందుకేనా నాకు పంపవు? చర్చి నుంచి ఇప్పుడే వచ్చాను. ప్రసంగంలో ఒక్క ముక్క చెవిన పడలేదు. కోటైనా విప్పకుండా రాస్తున్నాను. బాల్తుస్ "తిండి చల్లారిపోతోంది" అంటున్నాడు. చల్లారనీ.

నిజం రాయి. ఎలాంటిదైనా రాయి. తెలియనిదానికంటే తెలిసినదే నయం.

యాకోబా


ఉట్రెక్ట్,
మార్చి 19

పిన్నీ,

రాస్తున్నాను. ఇది నాలుగో కాగితం, ముందువి చించేశాను.

హెస్సెల్ పడవల కీర్తనని తన నడకలో సరిగ్గా నడిపించడం చాలా అరుదు. మొదటి రెండు పాదాలూ చక్కగా సాగేవి, పొట్టి పొట్టిగా, పొడవు పొడవుగా. మూడో పాదం దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయేది. గాల్లోనే. పన్నెండు మందిమి నోళ్ళు తెరుచుకుని ఆ చేతి కోసం చూస్తూ ఉండేవాళ్ళం. తర్వాత ఆ పాదం లాగిలాగి నడిచేది, మీ ఊరి చర్చిలో నడిచినట్టు. "మళ్ళీ ఊరెళ్ళిపోయాడు" అని మేం నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వి, మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. మళ్ళీ అక్కడే ఆగేవాడు. ఆ పాదం కుదరకే దాన్ని డిస్కులో చేర్చలేదు.

ఇదంతా వేళాకోళమే అనుకున్నాను. నవంబరు తర్వాత మాత్రం ఆ నవ్వు నా చెవుల్లోంచి పోవడం లేదు. అది రోగమేనేమో, ఆయన పక్కనే నిలబడి నేను నవ్వానేమో. అందుకే మీకు పంపలేకపోయాను. ఉన్న రికార్డులన్నీ వెతికి విన్నాను. రెండేళ్ళ కిందటి వాటిలోనూ ఆ ఆగడం ఉంది. ఒకదాంట్లో లేనే లేదు. ఇంకొకదాంట్లో నాలుగో పాదం దగ్గర ఉంది. డాక్టరుగా ఉన్న మా అన్నయ్యకి వినిపించాను. "చెప్పలేం, రోగం అనుకోనక్కర్లేదు" అన్నాడు. నాకు మాత్రం అది మీ పాటే అనిపిస్తోంది, పిన్నీ. ఎంత చదివినా మీరు పాడి నిద్రపుచ్చిన పద్ధతి ఆయన చేతిలో మిగిలిపోయింది.

మీరు వెంట్రుకవాసి తేడా ఉండకూడదన్నారు. అందుకని బృందం ఒక నిర్ణయానికొచ్చింది. మాలో అందరికంటే పెద్దవాడు క్రైన్. ఆఖరి రికార్డు తీసుకుని, మూడో పాదం దగ్గర హెస్సెల్ ఎంతసేపు ఆగాడో, ఆ పాదం ఎంత నెమ్మదించిందో గడియారంతో కొలిచాడు. మా ప్రతుల్లో ఎర్ర సిరాతో గుర్తులు పెట్టుకున్నాం. ఇప్పుడు అందరం ఒకేసారి, ఆయన ఆగినంతే ఆగుతున్నాం. ఆ రికార్డు, మొన్నటి మా అభ్యాసం, రెండూ పంపుతున్నాను.

నన్ను తిట్టండి. కానీ జవాబు రాయండి.

వెండెలా


వెస్టర్‌నెస్ రేవు,
ఏప్రిల్, మంగళవారం

అమ్మాయీ,

విన్నాం. ముందు వాడిది విన్నాం.

మూడో పాదం దగ్గర వాడి చెయ్యి ఆగడం వినబడింది. చెయ్యి ఎలా వినబడుతుందంటావా? మీరందరూ ఊపిరి బిగబట్టడం వినబడింది. ఆ తర్వాత ఆ పాదం బరువుగా కదిలింది, మీరు నవ్వారు. వాడూ నవ్వాడు. "క్షమించండి, క్షమించండి, మళ్ళీ మొదటి నుంచి" అన్నాడు. బాల్తుస్ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వలలేమీ లేకపోయినా వలల గదిలో చాలాసేపు ఉన్నాడు. నేను మాత్రం ఆ నవ్వునే తిప్పి తిప్పి పెట్టుకున్నాను. నవ్వినందుకు నిన్ను తిట్టమన్నావు. నా కొడుకు అంత హాయిగా నవ్వుతుంటే ఎవరిని తిట్టను?

అది నా పాటేనని రాశావు. చదవగానే గుండె పొంగింది. అబద్ధమెందుకు, ఒక రోజంతా అదే పట్టుకుని తిరిగాను. కానీ నాకు తెలియదమ్మా. వాడు చిన్నప్పుడు మెట్లెక్కుతూ కూడా సగంలో ఆగిపోయేవాడు. చెంచా నోటి దాకా తెచ్చి ఆపేవాడు. "ఏంట్రా?" అంటే, "ఏంలేదు" అనేవాడు. కన్నంత మాత్రాన అన్నీ తెలుస్తాయా? నా పాట కావచ్చు, రోగం కావచ్చు, ఆ క్షణంలో వాడికి ఏదో తోచి ఉండొచ్చు. వాడు లేడు, అడగలేం. నాకు తెలియనిదాన్ని నాదే అని చెప్పుకోలేను.

తర్వాత మీ అభ్యాసం పెట్టాను. మీరు అచ్చం వాడు ఆగినంతే ఆగారు. వింటుంటే ఒళ్ళు జలదరించింది, మంచి జలదరింపు కాదు. మా ఊళ్ళో ఒకాయన ఉండేవాడు, పోయిన అన్నగారి కోటు వేసుకుని, ఆయన కుంటినట్టే కుంటుతూ రేవు చుట్టూ తిరిగేవాడు. పాపం, ప్రేమకొద్దీ చేసేవాడు. వదినగారు మాత్రం కిటికీ వేసేసుకునేది.

ఇందులో మీ తప్పేమీ లేదు. వెంట్రుకవాసి తేడా వద్దన్నది నేనే. వాడే ఒకసారి ఆగి, ఒకసారి ఆగకుండా, ఒకసారి ఇంకోచోట ఆగి పాడించాడంటున్నావు. మరి ఏ హెస్సెల్‌ని కొలుస్తారు? నేను అడిగినట్టు వెంట్రుకవాసి తేడా లేని పాట ఒకటంటూ లేదని ఇప్పుడు తెలిసింది. తెలిసి ఇంకా గాభరాగా ఉంది. వద్దనేస్తే పోలా అని నిన్న రీకెల్ట్ ఇంటి దాకా వెళ్ళి, తలుపు కొట్టకుండా తిరిగొచ్చాను.

ఆ ఎర్ర గుర్తులు చెరిపెయ్యండి. పాత ప్రతిలో ఏముందో అది పాడండి. చెయ్యి నీది. అది ఎక్కడ ఆగాలనుకుంటే అక్కడ ఆగనీ, పోవాలనుకుంటే పోనీ. ఇంతకంటే నాకు చెప్పడం రాదు.

పిన్ని


ఉట్రెక్ట్,
మే 2

పిన్నీ,

గుర్తులు చెరిపేశాం. క్రైన్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నాకు భయంగా ఉంది. కొలత ఉన్నప్పుడు దాని వెనక దాక్కున్నాను. ఇప్పుడు అభ్యాసంలో మూడో పాదం దగ్గరికి వచ్చేసరికి ఏం చెయ్యాలో తోచడం లేదు. ఒకరోజు ఆగుతున్నాను, ఒకరోజు పరిగెడుతున్నాను. కచేరీ రోజు ఏం చేస్తానో నాకే తెలియదు. మీరు ముందు వరుసలో కూర్చోకండి, దయచేసి.

వెండెలా


వెస్టర్‌నెస్ రేవు,
మే, సోమవారం

అమ్మాయీ వెండెలా,

కచేరీ అయ్యాక మీ బస్సు సముద్రపు కట్ట దాటిందో లేదో, మా ఇంటికి జనం మొదలయ్యారు. కాఫీ గిన్నె పొయ్యి మీంచి దిగలేదు. రీకెల్ట్ పెళ్ళాం, "పిల్లలు బాగా పాడారు, మరీ సన్నగా ఉన్నారు, తినరా?" అంది. రీకెల్ట్ మటుకు, "బాగుందిలే. రైలందుకోవాలన్నట్టు పాడారు" అన్నాడు. మెచ్చుకున్నట్టే లెక్క, ఆయన నోట అంతకంటే మంచిమాట నేనెప్పుడూ వినలేదు.

నిన్న నీతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. నీ చుట్టూ మనుషులు, నా చుట్టూ మనుషులు. అందుకే రాస్తున్నాను.

వద్దన్నావు గనక ముందు వరుసలో కాకుండా స్తంభం పక్కన కూర్చున్నాం. పడవల కీర్తన మొదలవగానే మా వాళ్ళంతా ఇబ్బందిగా కదిలారు. చూశావో లేదో, నీ వీపు మావైపు ఉంది. ఆ కీర్తనని కూర్చుని వినడం మాకెవరికీ రాదు, పుట్టి అలా ఎరగం. మొదటి పాదం అయింది. రెండోదీ అయింది. నేను బల్ల అంచు పట్టుకుని ఎదురుచూశాను, మెట్ల మీద అడుగు కోసం చూసినట్టు. ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది.

నువ్వు ఆగలేదు. ఆ పాదం గాలిలా దాటి వెళ్ళిపోయింది. నేను ఎదురుచూస్తున్న చోటు వచ్చిందీ, పోయిందీ కూడా.

అప్పుడు నాకేమైందో చెప్పలేను. కోపమో, దిగులో. నన్ను వదిలేసి వెళ్ళిపోతున్నారు అనిపించింది. నోరు దానంతట అదే తెరుచుకుంది. మూడో పాదం మొదటి అక్షరం, మా పద్ధతిలో, పొడవుగా. ఆ గొంతు ఎవరిదా అని నేనే చూశాను. నవంబరు నుంచి వాడని గొంతు, తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది. చుట్టూ తలలు తిరిగాయి. మీరు అప్పటికే చాలా ముందుకు వెళ్ళిపోయారు. నేను ఒక్కో మాటే ఈడ్చుకుంటూ వెనక నడుస్తున్నాను. మీ పాట చివరికొచ్చి ఆగింది. నేనింకా ఆఖరి పాదంలో సగంలోనే ఉన్నాను.

బాల్తుస్ నా మోచెయ్యి పట్టుకుని, "యాకోబా, అయిపోయిందే" అన్నాడు మెల్లగా.

"నాకింకా అవలేదు" అన్నాను.

అని, ఆ మిగిలిన సగం పాడాను. ఒక్కదాన్నే, అంత పెద్ద చర్చిలో. మధ్యలో ఊపిరి చాలక రెండుసార్లు తెగింది. ఎవరైనా నవ్వుతారేమో, రీకెల్ట్ లేస్తాడేమో, మీ వాళ్ళు పుస్తకాలు మూసేసి తర్వాతి పాటకి వెళ్తారేమో అనుకుంటూనే పాడాను. ఎవరూ కదల్లేదు. ఎందుకు కదల్లేదో తలెత్తి చూస్తే అర్థమైంది. నీ చెయ్యి ఇంకా పైనే ఉంది. నువ్వు వెనక్కి తిరిగి చూడలేదు. ఏ గుర్తూ లేదు, ఏ లెక్కా లేదు. నాకు ఎంతసేపు పడుతుందో నీకు తెలియదు, నాకే తెలియదు. అయినా అలాగే ఎత్తి పట్టుకున్నావు. చివరికొచ్చేసరికి నీ మోచెయ్యి వణుకుతోంది. నా ఆఖరి అక్షరం ఆగిన తర్వాత గానీ దించలేదు.

బాల్తుస్ నిద్రపోయాడు. నాకూ నిద్ర వస్తున్నట్టే ఉంది. భుజం నొప్పి ఎలా ఉంది? ఆవాల నూనె కాచి రాసుకో. రాయించుకోవడానికి అక్కడ ఎవరూ లేకపోతే శనివారం వచ్చెయ్, నేను రాస్తాను.

పిన్ని